తొలి ముద్ర వెనుక పుస్తకం: అల్పప్రసిద్ధ తెలుగు గ్రంథాల గుర్తింపు, మూల్యాంకనం

వ్యాససంగ్రహం:

మరుగున పడిన గ్రంథాన్ని వెలికితీయడం తెలుగు పరిశోధనలో గౌరవప్రదమైన సంప్రదాయం. అయితే వెలికితీసిన గ్రంథానికి సాహిత్యచరిత్రలో చోటు కల్పించడానికి పరిశోధకులు తరచుగా ఆశ్రయించిన ఆధారం దాని ప్రథమత్వం. తొలి యాత్రాచరిత్ర, తొలి నవల, తొలి కథ వంటి గుర్తింపులు పుస్తకాన్ని విస్మృతి నుండి కాపాడాయి కానీ, అనేక సందర్భాలలో దానిని చదవవలసిన అవసరాన్ని కూడా తప్పించాయి. ‘కుమారసంభవము’, ‘శ్రీరంగరాజు చరిత్ర’, భండారు అచ్చమాంబ రచనలు, ‘కాశీయాత్ర చరిత్ర’, ‘రాధికాసాంత్వనము’, ‘గోలకొండ కవుల సంచిక’లను ఆధారంగా చేసుకొని, కాలనిర్ణయానికీ గుణనిర్ణయానికీ మధ్య చెరిగిపోయిన గీతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అల్పప్రసిద్ధ గ్రంథాలు, ప్రథమత్వం, మూల్యాంకనం, ప్రక్రియ, పాఠపరిష్కరణ, కాశీయాత్ర చరిత్ర, భండారు అచ్చమాంబ.

1. ఉపోద్ఘాతం:

‘అల్పప్రసిద్ధ గ్రంథం’ అన్న మాటను తెలుగు పరిశోధనలో రెండు భిన్నమైన స్థితులకు వాడుతున్నారు. ఉనికే తెలియని పుస్తకం ఒకటి. తాళపత్రంగానో, పాత పత్రిక సంచికలోనో, గ్రంథాలయంలో దుమ్ముపట్టిన అరలోనో ఉండి ఏ సాహిత్యచరిత్రకూ ఎక్కనిది. రెండవది పేరు అందరికీ తెలిసినా చదివినవారు లేని పుస్తకం. పోటీపరీక్షల ప్రశ్నలలో, సిద్ధాంతగ్రంథాల మొదటి అధ్యాయాలలో, తరగతి నోట్సులలో దాని పేరు, సంవత్సరం, కర్త పేరు క్రమం తప్పకుండా కనిపిస్తాయి. పుస్తకం మాత్రం కనిపించదు. దీనిని నామమాత్రప్రసిద్ధి అనవచ్చు. మొదటి స్థితికి చికిత్స అన్వేషణ. రెండవ స్థితికి అన్వేషణ చాలదు. ఆ పుస్తకం ఇదివరకే దొరికింది కనుక.

అన్వేషణ మునుపటి కంటే సులభమైందన్నది నిజం. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి సంస్థలు భద్రపరచిన సంపదలో కొంత భాగం డిజిటల్ రూపంలోకి వచ్చింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం కథాపరిశోధన స్వరూపాన్నే మార్చింది. డిజిటల్ సేకరణలలో తెలుగు పేర్లను రోమన్ లిపిలో ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా నమోదు చేయడం వల్ల, ఎదురుగా ఉన్న పుస్తకం కూడా వెదికితే దొరకని వింత పరిస్థితి ఉన్నమాట వాస్తవమే. అయినా ఓపిక గల పరిశోధకుడికి ఇది దాటరాని అడ్డంకి కాదు. దొరికిన పుస్తకాన్ని ఏం చేయాలన్నదే నేటి క్లిష్టమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు తెలుగు పరిశోధన ఎక్కువసార్లు ఇచ్చిన సమాధానం ఒక్కటే: అది దేనికి ‘తొలి’యో నిరూపించడం.

2. కాలనిర్ణయం మింగిన కావ్యం:

ఈ అలవాటుకు పాత ఉదాహరణ నన్నెచోడుని ‘కుమారసంభవము’. మానవల్లి రామకృష్ణకవి 1909లో ఈ కావ్యాన్ని వెలుగులోకి తెచ్చారు. ఒక మహాకావ్యం శతాబ్దాల తర్వాత మొదటిసారి అచ్చులోకి రావడమే పెద్ద సంఘటన. అయితే నన్నెచోడుడు నన్నయ కంటే పూర్వుడన్న ప్రతిపాదన దానితోపాటే వెలువడింది. దానితో చర్చ మొత్తం ఆ దారిన మళ్లింది. శాసనాలు, చోళవంశ క్రమం, ఛందోవిశేషాలు, కన్నడ తమిళ పదాల వాడుక అన్నీ సాక్ష్యాలుగా మారాయి. నన్నయ ఆదికవి స్థానం నిలుస్తుందా కూలుతుందా అన్నదే ముఖ్యమైంది. నన్నెచోడుడు నన్నయకు తర్వాతివాడేనని ఎక్కువమంది పండితులు నిర్ధారించుకున్నాక కావ్యం మీద ఉత్సాహమూ తగ్గింది.

ఇక్కడ జరిగిన నష్టాన్ని గుర్తించాలి. మార్గ, దేశి కవితల భేదాన్ని ఎరుకతో ప్రస్తావించి, ‘జానుతెనుఁగు’ను కోరి, వస్తుకవితను గురించి మాట్లాడిన కవి నన్నెచోడుడు. కాళిదాసు కావ్యంతో పేరును పంచుకున్నా కథాపరిధిని వేరుగా నిర్మించుకొని, పన్నెండు ఆశ్వాసాలలో సతీదేవి వృత్తాంతం నుండి తారకవధ దాకా నడిపాడు. అతడు పదో శతాబ్దివాడైనా పన్నెండో శతాబ్దివాడైనా ఈ విషయాలు మారవు. పైగా నన్నయ తర్వాతివాడైతే అతని దేశికవితాభిమానానికి అర్థం ఇంకా చిక్కబడుతుంది. అప్పటికే స్థిరపడిన ఒక మార్గం ఎదుట నిలబడి చేసిన ఎంపిక అవుతుంది అది. ప్రథమత్వవాదం ఓడిపోవడం కావ్యానికి లాభించవలసిన చోట, నష్టంగా పరిణమించింది.

3. నవల పుట్టినతేదీ:

‘శ్రీరంగరాజు చరిత్ర’ విషయాన్ని ఇంతగా విస్తరించనవసరం లేదు. నరహరి గోపాలకృష్ణమశెట్టి 1872లో ప్రచురించిన ఈ రచనకు ‘సోనాబాయి పరిణయము’ అన్నది మరో పేరు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. కనుక తొలి నవల ఏదన్న వివాదం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. బాణుని ‘కాదంబరి’ ఆధారంగా కొక్కొండ వేంకటరత్నం రాసిన ‘మహాశ్వేత’ను కూడా కొందరు ఈ పోటీలో నిలబెట్టారు.

ఈ వివాదంలో సాధారణంగా జరిగేది ఇది: ‘నవల’ నిర్వచనాన్ని ఎవరి అభిమానగ్రంథానికి అనుకూలంగా వారు సాగదీయడమో కుదించడమో. నిజానికి శ్రీరంగరాజు చరిత్రను చదివినవారికి తోచే ప్రశ్న వేరు. లంబాడీల మధ్య పెరిగిన కన్యనూ రాజవంశపు యువకుణ్నీ కలిపే కథను 1872లో ఒక తెలుగు రచయిత ఎందుకు ఎంచుకున్నాడు? హిందువుల ఆచారవ్యవహారాలను తెలియజెప్పే వచనరచన అన్న ప్రకటిత లక్ష్యానికీ, ప్రబంధకథల వాసన వదలని ప్రేమవృత్తాంతానికీ ఎక్కడ పొసిగింది, ఎక్కడ పొసగలేదు? ఈ అతుకులను చూపగలిగితే తెలుగు వచనకథనం ఏ తడబాట్లతో నవల వైపు నడిచిందో తెలుస్తుంది. అది సఫలమైన నవల కాదని ఒప్పుకోవడానికి సంకోచించనక్కరలేదు. విఫలప్రయత్నాలలో ప్రక్రియాచరిత్ర మరింత స్పష్టంగా కనిపించే సందర్భాలుంటాయి.

4. అచ్చమాంబ: ‘దిద్దుబాటు’ పక్కన పెట్టిన కథ:

ప్రథమత్వవాదానికి నైతికబలం ఉన్న సందర్భం భండారు అచ్చమాంబది. కాబట్టి దీనిని కొంత నిదానంగా పరిశీలించాలి. అచ్చమాంబ (1874-1905) కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క. ‘ధనత్రయోదశి’ కథ 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వెలువడింది. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. ఎనిమిదేళ్ల ముందరి కథను పక్కనబెట్టి ‘దిద్దుబాటు’ను తొలి తెలుగు కథగా పాఠ్యపుస్తకాలు చెప్పుకొంటూ వచ్చాయి. ఆధునిక కథాలక్షణాలు గురజాడ కథతోనే స్థిరపడ్డాయన్నది అందుకు చెప్పే సమాధానం. స్త్రీ రచనను సాహిత్యచరిత్ర విస్మరించిన తీరుకు ఇది సాక్ష్యమన్న విమర్శలో న్యాయం ఉంది. ఆ విమర్శ లేకపోతే అచ్చమాంబ కథలు ఈనాటికీ పత్రికల కట్టలలోనే ఉండేవి.

ఇంతవరకు అభ్యంతరం లేదు. కానీ ఆ తర్వాత జరిగినదేమిటి? ‘తొలి కథారచయిత్రి’ అన్న విశేషణం అచ్చమాంబ పేరుకు అతుక్కుపోయింది. కథ గురించిన ప్రస్తావనలు ఎక్కువగా 1902, 1910 అన్న రెండు అంకెల మధ్యే తిరుగుతున్నాయి. రేపు మరొక పాత పత్రికలో 1902కు ముందరి కథ ఒకటి దొరికి, దానికి కథాలక్షణాలు ఉన్నాయని తేలితే అచ్చమాంబ మళ్లీ రెండో స్థానానికి జారుతుంది. ‘దిద్దుబాటు’కు ఆ ప్రమాదం లేదు. అది తొలి కథ కాదని ఒప్పుకున్నవారు కూడా దానిని చదువుతూనే ఉన్నారు. పాత్రల గురించి, సంభాషణ గురించి, ముగింపు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. అచ్చమాంబకు జరగవలసిన న్యాయం ఆ స్థాయి పఠనమే.

రెండు కథలనూ తేదీలు మరచి పక్కపక్కన పెడితే ఆసక్తికరమైన విషయాలు కనిపిస్తాయి. రెండింటిలోనూ దారితప్పిన భర్తను భార్య దిద్దుతుంది. ‘దిద్దుబాటు’లో కమలిని ఎదుటపడి వాదించదు. ఉత్తరం రాసిపెట్టి, లేనట్లు నటించి, తన లేమితో భర్తకు బుద్ధి చెబుతుంది. గోపాలరావు పశ్చాత్తాపమంతా నౌకరు రాముడి ఎదుట జరుగుతుంది. భార్య గొంతు నేరుగా వినబడేది కథ చివర మంచం కింద నుండి వచ్చే నవ్వుగానే. గురజాడ హాస్యం ఈ ఏర్పాటు మీదే నిలబడింది. ‘ధనత్రయోదశి’లో విజయలక్ష్మికి అటువంటి యుక్తి అవసరం లేదు. పండుగపూట పేదరికానికి లొంగి యజమాని సొమ్మును ఇంటికి తెచ్చిన వెంకటరత్నాన్ని ఆమె ముఖాముఖి నిలదీస్తుంది. తర్కంతో, ప్రేమతో, కచ్చితంగా మాట్లాడుతుంది. నైతికాధికారం భార్య చేతిలో ఉండటమే కాదు, ఆ అధికారాన్ని మాటలలో ప్రకటించే హక్కు కూడా ఆమెకే ఉంది.

కథాశిల్పం దృష్ట్యా ‘ధనత్రయోదశి’ లోపాలను దాచవలసిన పని లేదు. పాత్రలు సందర్భానికి మించి ఉపదేశిస్తాయి. నిజాయితీకి యజమాని ఆదరణ రూపంలో ప్రతిఫలం దక్కడం వల్ల నీతికథ చట్రం బిగుసుకుంటుంది. ధర్మానికి లాభం తప్పదన్న హామీ ఉన్నచోట విజయలక్ష్మి దృఢత్వానికి చెల్లించవలసిన మూల్యం తగ్గిపోతుంది. గురజాడ కథలో నీతి హాస్యం వెనుక తలదాచుకుంటే, ఇక్కడ కథ ముందుకు వచ్చి నిలబడింది. ఈ మాట అనడం అచ్చమాంబను తక్కువ చేయడం కాదు. ఆమె ఎంచుకున్న పాఠకవర్గాన్ని గుర్తించడం. ‘హిందూసుందరి’ స్త్రీలు చదివే పత్రిక. చదువు అప్పుడప్పుడే గడపలోకి వస్తున్న ఇళ్లకు ఆ కథ చేరాలి. భార్యాభర్తల సంభాషణగా మాత్రమే నడిచే ఆమె ‘స్త్రీవిద్య’ కథను కూడా కలిపి చదివితే, సంభాషణ అన్నది అచ్చమాంబకు కేవలం శిల్పసాధనం కాదనీ, దాంపత్యం ఎలా ఉండాలన్న ఆమె ఆలోచనకు రూపమనీ అర్థమవుతుంది. భార్యాభర్తలు పరస్పరం ఒప్పించుకోవలసినవారు, శాసించుకోవలసినవారు కారు.

తొలి కథ వివాదం చేసిన మరో అపకారం ఉంది. అచ్చమాంబ ప్రధానకృషి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను అది వెనక్కి నెట్టింది. 1901 నాటి ఈ గ్రంథం భారతదేశపు స్త్రీల జీవితచరిత్రల సంపుటి. ఇది కథ కాదు, నవల కాదు. ‘తొలి’ పోటీలు ఎక్కువగా సృజనాత్మకప్రక్రియల చుట్టూ తిరుగుతాయి కనుక దీనిపై చూపు తక్కువగా పడింది. స్త్రీలు బుద్ధిలో తక్కువవారన్న ఆరోపణను వాదనతో కాక చరిత్రతో ఖండించాలన్నది రచయిత్రి సంకల్పం. తెలుగునేలకు దూరంగా, మధ్యపరగణాలలో ఉంటూ ఈ పని చేసింది. ఆ చరిత్రలను నేటి చరిత్రరచనా ప్రమాణాలతో తూచితే ఐతిహ్యమూ చరిత్రా కలగలిసిన చోట్లు కనిపిస్తాయి. కానీ జీవితచరిత్ర ప్రక్రియకు వేయవలసిన ప్రశ్న అది ఒక్కటే కాదు. ఎవరి జీవితాలను ఎంచుకుంది, ఏ గుణాలను పైకెత్తింది, పాతివ్రత్యాన్నీ పాండిత్యాన్నీ ఒకే సంపుటిలో ఎలా సర్దింది అన్నవి అంతకంటే లోతైన ప్రశ్నలు. ‘అబల’ అన్న పదాన్ని శీర్షికలో ఉంచుకొని, ఆ పదార్థాన్నే అబద్ధం చేసే జీవితాలను లోపల పేర్చడంలోని విరోధం ఆమెకు తెలియక జరిగిందని అనుకోలేము.

5. ‘కాశీయాత్ర చరిత్ర’: ఇద్దరు పాఠకుల మధ్య చీలిన గ్రంథం:

నామమాత్రప్రసిద్ధికి ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ కంటే మంచి ఉదాహరణ దొరకదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, కాశీ, గయ, కలకత్తాల మీదుగా సాగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. పెద్ద పరివారంతో సాగిన ఆ యాత్ర వివరాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు ఎప్పటికప్పుడు రాసి పంపాడు. వీరాస్వామయ్య 1836లో మరణించగా, శ్రీనివాసపిళ్ల 1838లో దానిని ప్రచురించాడు. 1869లో రెండో ముద్రణ వచ్చింది. ఆ తర్వాత 1941లో దిగవల్లి వేంకటశివరావు పీఠికతో, వివరణలతో పరిష్కరించి ప్రచురించే దాకా సామాన్యపాఠకులకు అందుబాటులో లేదు.

ఈ గ్రంథానికి ప్రస్తుతం రెండు రకాల పాఠకులున్నారు. చరిత్రకారులు దీనిని గనిగా వాడుకుంటారు. మజిలీల మధ్య దూరాలు, బాటల స్థితి, నీటివసతి, అంగళ్లు, సుంకాలు, రేవులు, తిరుపతిలో కుంపిణీ ప్రభుత్వానికి చేరే రాబడి, శ్రీశైలయాత్రికుల నుండి కందనూరు నవాబు వసూలు చేసే పన్ను వంటి వివరాలను ఏరుకుంటారు. సాహిత్యచరిత్రకారులు ‘తెలుగులో తొలి యాత్రాచరిత్ర’ అని పేర్కొని ముందుకు సాగుతారు. ఇద్దరూ దాటవేసే పుటలు కొన్ని ఉన్నాయి. మజిలీ వివరాలను ఆపి, వీరాస్వామయ్య ఆత్మను గురించో, కర్మను గురించో, వర్ణాచారాల మూలాలను గురించో దీర్ఘంగా చేసే విచారణలు అవి. చరిత్రకారుడికి అవి సమాచారం కావు. సాహిత్యవిద్యార్థికి యాత్రాకథనానికి అడ్డుపడే ఉపన్యాసాలు.

నిజానికి ఈ గ్రంథం విలువ ఆ రెండింటి కలయికలోనే ఉంది. బోయీల కూలిని, గుర్రపు దాణా దొరికే చోటునూ నమోదు చేసే మనసే, తర్వాతి పుటలో బ్రహ్మవిచారం చేస్తుంది. ఆ మార్పు అతనికి మార్పుగా తోచదు. కోర్టులో సాక్షుల మాటను ఒక భాష నుండి మరొక భాషలోకి తప్పు లేకుండా దాటించడం అతని వృత్తి. చూసినదాన్ని చూసినట్లు చెప్పాలన్న వృత్తిధర్మం మజిలీ వివరాలలో కనిపిస్తుంది. తాను అనువదించలేని విషయం ఎదురైనప్పుడు, అంటే ప్రాంతం మారితే ఆచారం ఎందుకు మారుతోంది, ఒక చోట ధర్మమైనది మరొక చోట ఎందుకు కాదు అన్న చిక్కు వచ్చినప్పుడు, శాస్త్రచర్చలోకి వెళతాడు. యాత్ర అతని ఆచారనిష్ఠను పరీక్షకు పెడుతున్న చోట్లు ఆ ఉపన్యాసాలు. వాటిని తొలగించి చదివితే మిగిలేది దారిపట్టిక.

ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. ఈ గ్రంథాన్ని 1830 నాటి భారతదేశానికి నిలువుటద్దంగా చూపే వ్యాసాలు తరచుగా కనిపిస్తాయి. వీరాస్వామయ్య సామాన్యయాత్రికుడు కాడు. కుంపిణీ కొలువులో పలుకుబడి గలవాడు. అధికారుల పరిచయాలతో, పల్లకీలతో, భోజనసదుపాయాలతో కదిలిన సంపన్నుడు. కుంపిణీ పాలనలోని ప్రాంతాలలో అతనికి కనిపించిన భద్రత, స్వదేశీ సంస్థానాలలో కనిపించిన అభద్రత రెండూ ఆ పల్లకీలోంచి చూసినవే. ముఖ్యంగా నైజాం రాజ్యం గురించి అతను రాసినదాన్ని ఉదాహరించేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోకపోతే, ఒక మద్రాసు ఉద్యోగి అభిప్రాయం తెలంగాణ చరిత్రగా స్థిరపడిపోతుంది. అతని పరిశీలన అబద్ధమని దీని అర్థం కాదు. యాత్రాసాహిత్యానికి వేయవలసిన మొదటి ప్రశ్న ‘ఏం చూశాడు’ అన్నది కాదు, ‘ఎక్కడ నిలబడి చూశాడు’ అన్నది. పల్లకీని మోసిన బోయీలకు అదే దారి ఎలా కనిపించి ఉంటుందో చెప్పే పుస్తకం లేదు. ఉన్న పుస్తకంలో వారి అలసట, వారి జాతిభేదాలు, వారికి ఇచ్చిన ఇనాములు యజమాని లెక్కలో భాగంగా వచ్చిన చోట్లను వెదకవలసిందే.

భాష మరొక చర్చనీయాంశం. గ్రాంథికవ్యావహారికవాదాలు తలెత్తడానికి చాలాముందే, చదువుకున్న మద్రాసు తెలుగు ఉద్యోగి నిత్యవ్యవహారంలో రాసే భాష ఇందులో ఉంది. ఉర్దూ, అరవ, ఇంగ్లీషు పదాలు బెరుకు లేకుండా కలుస్తాయి. వాక్యాలు దీర్ఘంగా, క్త్వార్థకాల గొలుసులతో సాగుతాయి. నేటి పాఠకుడి సౌకర్యం కోసం ఇటువంటి గ్రంథాలను సరళవచనంలోకి మార్చే ప్రయత్నాలు మంచి ఉద్దేశంతోనే జరుగుతాయి. కానీ విషయం మిగిలి భాష పోతే, తెలుగు వచనచరిత్రకు ఉన్న ఒక ముఖ్యసాక్ష్యం పోతుంది. పరిశోధకుడు సరళపాఠం మీద ఆధారపడి ‘వీరాస్వామయ్య శైలి’ని గురించి రాయడం, అనువాదాన్ని చదివి మూలరచయిత ఛందస్సును మెచ్చుకోవడం వంటిది.

6. ఏ ప్రతిని చదివినట్లు?

దీని నుండి పాఠపరిష్కరణ ప్రశ్న వస్తుంది. అల్పప్రసిద్ధ గ్రంథాలకు ఇది ప్రాణప్రదం. ప్రసిద్ధగ్రంథాలకు అనేక ముద్రణలు, వ్యాఖ్యానాలు ఉండటం వల్ల ఒకదాని లోపం మరొకదానిలో దిద్దబడుతుంది. మరుగున పడిన పుస్తకానికి చేతిలో ఉన్న ఒక్క ప్రతే దిక్కు.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ చరిత్ర అందరికీ తెలిసినదే. 1887లో పైడిపాటి వెంకటనరసు ప్రచురించిన ప్రతిలో కొన్ని భాగాలు లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, పోల్చి, సంపూర్ణపాఠాన్ని 1910లో వావిళ్లవారి ద్వారా వెలువరించింది. 1911లో ప్రభుత్వం దానిని అశ్లీలమని నిషేధించింది. నిషేధం తొలగిన తర్వాత 1952లో వావిళ్లవారు మళ్లీ ముద్రించారు. ముద్దుపళనిని నిరసించిన వీరేశలింగం మాటలకు నాగరత్నమ్మ ఇచ్చిన సమాధానం విమర్శచరిత్రలో నిలిచిపోయేది. పురుషకవుల శృంగారప్రబంధాలకు పట్టని తప్పు, ఒక వేశ్య రాసిన కావ్యానికే ఎందుకు పట్టిందన్నది ఆమె ప్రశ్నల సారం.

అయితే నిషేధం కథ ఎంత బలంగా ప్రచారంలో ఉందంటే, కావ్యాన్ని గురించిన చాలా వ్యాసాలు నిషేధంతో మొదలై నిషేధంతోనే ముగుస్తాయి. ఇక్కడ ‘తొలి’ స్థానాన్ని ‘నిషిద్ధ’ అన్న మాట ఆక్రమించింది. పని మాత్రం అదే చేస్తోంది. తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునికి తానే అప్పగించి, ఆ తర్వాత అసూయతో దహించుకుపోయే రాధ మనస్తత్వం కావ్యానికి కేంద్రం. యౌవనం జారిపోతున్న స్త్రీ, ఎదిగివస్తున్న యువతికి శృంగారపాఠాలు చెబుతూ తన స్థానాన్ని తానే కోల్పోవడం దక్షిణాంధ్ర శృంగారకావ్యాలలో సామాన్యంగా దొరికే సన్నివేశం కాదు. సాంత్వనం పొందవలసినది నాయిక, కాళ్లబేరానికి రావలసినది నాయకుడు అన్న తలకిందుల అమరిక కూడా గమనించదగినది. అదే సమయంలో, కావ్యంలోని వర్ణనలు అనేకం ఆనాటి ఆస్థానకవిత్వపు సామాన్యసంపదేననీ, వాటన్నిటినీ స్త్రీస్వేచ్ఛాప్రకటనలుగా చదవడం కావ్యానికి లేని బరువును మోపడమనీ చెప్పక తప్పదు. ఏది ముద్దుపళని సొంతమో, ఏది తంజావూరు దర్బారు వాడుకో విడదీయాలంటే, అదే కాలపు తక్కిన కావ్యాలతో పద్యం పద్యం పోల్చి చూడాలి.

7. సంఖ్యే వాదమైన సంకలనం:

చివరగా, విడి గ్రంథం కాని ఒక గ్రంథం. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. 354 మంది కవుల రచనలు అందులో ఉన్నాయి. ఈ అంకె తెలంగాణ సాహిత్యాన్ని గురించిన ప్రతి వ్యాసంలోనూ వినిపిస్తుంది. వినిపించడం న్యాయమే. ఉనికినే కాదన్నవారికి ముందు చెప్పవలసిన సమాధానం ఉనికే. అక్కడ గుణవిచారణకు దిగి, మంచి కవులను నలభైమందిని మాత్రమే ఏరి చూపి ఉంటే సంచిక లక్ష్యం నెరవేరేది కాదు. సంకలనం కూడా ఒక ప్రక్రియే; ఎవరి ఎదుట, ఏ వాదనకు జవాబుగా కూర్చబడిందో తెలిస్తేనే దాని విలువ తేలుతుంది. ఈ కొలతతో చూసినప్పుడు సురవరం ఎంపిక విమర్శకుని ఎంపిక కాదు, న్యాయవాది ఎంపిక. అది ఆ సంచికకు తగిన ఎంపిక కూడా.

కానీ 1934 నాటి అవసరం వేరు. ఉనికి రుజువై దశాబ్దాలు గడిచిన తర్వాత కూడా పరిశోధన ఆ అంకె దగ్గరే ఆగిపోవడం సురవరంవారి శ్రమకు గౌరవం కాదు. సంచికలో ఒక్కొక్క కవికి దక్కినది కొద్దిపాటి చోటు. ఆ కొద్ది పద్యాలు పూర్తికావ్యాలలో భాగాలా, విడిపద్యాలా, సంచిక కోసమే రాసి పంపినవా అన్నది కవి కవికీ తేల్చవలసిన విషయం. వారిలో ఎందరి పూర్తిరచనలు ఇంకా ఏ గ్రామంలోనో, ఏ ఇంటి అటకమీదనో వ్రాతప్రతులుగా ఉన్నాయన్నది కూడా జిల్లాలవారీగా వెదకవలసినదే. విశ్వవిద్యాలయాలలో ఒకే ప్రసిద్ధకవి మీద పదో సిద్ధాంతగ్రంథం సిద్ధమవుతున్న కాలంలో, సంచికలోని ఒక్కొక్క పుట ఒక్కొక్క పరిశోధనకు చాలినంత పనిని చేతిలో పెట్టుకొని ఉంది. ఆ పనికి దిగేవారికి ఎదురయ్యే మొదటి కష్టం కవి దొరకకపోవడం కాదు. దొరికిన కవి సామాన్యుడని తేలినప్పుడు ఆ మాటను సిద్ధాంతగ్రంథంలో రాయడానికి కావలసిన ధైర్యం. పర్యవేక్షకులు ఆ ధైర్యాన్ని అనుమతిస్తే, 354 మందిలో నిజంగా మళ్లీ అచ్చు వేయవలసిన పదిమంది ఎవరో తెలియడానికి ఎంతో కాలం పట్టదు.